ఇరవై మంది మాటలు

నరసరావుపేటలో బట్టల కొట్టు అప్పారావు గారికి హిమజ ఒక్కతే కూతురు. ఇంటర్లో మంచి మార్కులు తెచ్చుకుంది. విజయవాడ పంపుదామని తల్లి అంది గానీ, ఊరి బయటే కాలేజీ ఉండగా హాస్టలు తిండి ఎందుకని అప్పారావు గారు ఇక్కడే ఇంజనీరింగులో చేర్పించారు. చెప్పిన పని గడువుకు ముందే ముగించే పిల్ల అని హిమజకు చిన్నప్పటి నుంచీ పేరు. ఆ పేరంటే ఆమెకు ప్రాణం.

మొదటి సంవత్సరం రెండో సెమిస్టరులో అన్ని బ్రాంచీల వాళ్ళకూ కలిపి ఇంజనీరింగ్ పరిచయం అని ఒక కోర్సు పెట్టారు. చెప్పేది రామలక్ష్మి మేడమ్. మొదటి క్లాసులోనే ఆమె బోర్డు మీద ఏమీ రాయకుండా బల్లకు ఆనుకుని నిలబడి చెప్పింది.

“మీ బుర్రలో పుట్టిన సమస్యలు నాకొద్దు. మనుషులకు నిజంగా ఉన్న కష్టం ఒకటి పట్టుకురండి. ఏదైనా ఊరికి వెళ్ళండి. తక్కువలో తక్కువ ఇరవై మందిని అడగండి. వాళ్ళు చెప్పింది వాళ్ళ మాటల్లోనే, తెలుగులోనే రాయండి. ఆ తరవాతే మోడల్ సంగతి.”

ముగ్గురేసి చొప్పున జట్లు కట్టారు. హిమజ జట్టులో ఫణి, నిస్సీ పడ్డారు. ఫణికి సుత్తీ స్పానరూ ఇస్తే చాలు, రాతపని అంటే పడదు. నిస్సీది బొల్లాపల్లి అవతల చిన్న ఊరు. కాలేజీ హాస్టల్లో ఉండేది. తక్కువ మాట్లాడేది. ఊరు అనగానే ముగ్గురికీ నిస్సీ వాళ్ళ ఊరే గుర్తొచ్చింది.

ఫిబ్రవరిలో ఒక శనివారం వెళ్ళారు. బస్సు దిగి ఆటో ఎక్కి చేరేసరికి పన్నెండు దాటింది. కంది కోతల రోజులు. ఊళ్ళో మనుషులే లేరు. నిస్సీ వాళ్ళ ఇంటి ముందు వీధి మలుపులో ఒక బోరింగు ఉంది. అక్కడ నిస్సీ నాయనమ్మ జ్ఞానమ్మ బిందె పెట్టి నీళ్ళు కొడుతోంది. డెబ్బై ఏళ్ళ మనిషి. ఒక్కో దెబ్బకూ ఒళ్ళంతా కిందకు వంగి పైకి లేస్తోంది.

“ఇదే మన ప్రాజెక్టు,” అంది హిమజ.

ఫణి టేపు తీసి హ్యాండిలు కొలిచాడు. హిమజ నాలుగు ఫోటోలు తీసింది. జ్ఞానమ్మ కొంగుతో మొహం తుడుచుకుని, “ఎండన పడి వచ్చారు. మజ్జిగ తాగుతారా?” అంది.

“వద్దు మామ్మా, టైం లేదు. మళ్ళీ ఆటో దొరకదు,” అంది హిమజ.

చంటిపిల్లను ఎత్తుకున్న ఒకామెను పేరు అడిగారు. అరుగు మీద చుట్ట కాలుస్తున్న ముసలాయన్ను వయసు అడిగారు. అంతే. అరగంటలో తిరుగు ఆటో ఎక్కారు.

“మిగతా పదిహేడు మందిని ఎప్పుడు అడుగుదాం?” అన్నాడు ఫణి దారిలో.

“వచ్చే ఆదివారం పొద్దున్నే వద్దాం. అందరూ ఇళ్ళ దగ్గరే ఉంటారు,” అంది హిమజ.

ఆ ఆదివారం పేటలోనే హిమజ మేనత్త కూతురి నిశ్చితార్థం వచ్చిపడింది. సోమవారం రిపోర్టు ఇవ్వాలి. భోజనాలయ్యాక మధ్యాహ్నం హిమజ కొట్టు వెనక గదిలో చీరల మూటల మధ్య కూర్చుని ల్యాప్‌టాప్ తెరిచింది. మొదటి పేరు రాసింది, వయసు రాసింది, చెప్పిన మాట అనే గడి దగ్గర ఆగింది. ముందు గదిలో నాన్న ఎవరో పల్లెటూరి ఆమెకు చీరలు విప్పి చూపిస్తున్నాడు. ఆమె మాటలు వినపడుతున్నాయి. ఆ మాటతీరు పట్టుకుని హిమజ ఒక వాక్యం రాసింది. నిజంగా ఎవరో అన్నట్టే ఉంది. రెండోది ఇంకా తేలికగా వచ్చింది. సాయంత్రం దీపాలు పెట్టే వేళకు ఇరవై మంది తయారయ్యారు. భుజాలు నొప్పులని ఒకామె, నడుం పట్టేస్తోందని ఒకామె, తాగే నీళ్ళ కోసం రోజుకు పది బిందెలు కొడుతున్నానని ఒకామె.

పేర్లు కొన్ని కొట్టుకు వచ్చేవాళ్ళవి. కొన్ని ఊహించినవి. జ్ఞానమ్మ పేరు మాత్రం ఉన్నది ఉన్నట్టే పెట్టింది. నిజంగా చూసిన మనిషి కదా, తప్పేముంది అనుకుంది. మేడమ్ మనసుకు తగలాలని ఆ ఒక్క మాట కాస్త పొడుగ్గా, శ్రద్ధగా రాసింది.

సోమవారం క్లాసు ముందు నిస్సీ రిపోర్టు తిప్పింది. రెండు పేజీలు చదివి తలెత్తింది.

“వీళ్ళెవరు? మా ఊళ్ళో ఈ పేర్లు లేవే.”

“ఊరికే ఫార్మాలిటీ నిస్సీ. అన్ని జట్లూ ఇట్టాగే రాస్తన్నాయి. హ్యాండిలు సమస్య నిజమే కదా.”

నిస్సీ ఏదో అనబోయింది. ఇంతలో మేడమ్ వచ్చింది. రిపోర్టు బల్ల మీదికి వెళ్ళిపోయింది.

మోడల్ విషయంలో వాళ్ళు నిజంగానే కష్టపడ్డారు. లీవరు పొడుగు పెరిగితే బలం తక్కువ సరిపోతుందని మేడమ్ చెప్పిన పాఠమే ఆధారం. హ్యాండిలు చివర తొడిగి బోల్టులు బిగించేలా రెండున్నర అడుగుల తేలికపాటి పైపు చేశారు. వర్క్‌షాప్ ఇన్‌స్ట్రక్టర్ దాన్ని చేతిలో తిప్పి చూసి, “బోరింగు లోతెంత? లోపల రాడ్ల బరువుకి ఇది పైకి తంతదేమో. వాడే వాళ్ళని అడిగారా?” అన్నాడు.

“అడిగాం సార్. ఇరవై మందిని,” అంది హిమజ.

ఫణి, నిస్సీ పక్కనే ఉన్నారు. ఎవరూ ఏమీ అనలేదు.

మార్చిలో కాలేజీ వాళ్ళు మొదటి సంవత్సరం ప్రాజెక్టులన్నీ ప్రదర్శనకు పెట్టారు. న్యాయనిర్ణేతగా రిటైరైన ఇంజనీరు ఒకాయన వచ్చాడు. మొదటి బహుమతి హిమజ జట్టుకు ఇచ్చారు. ముగ్గురినీ వేదిక మీదికి పిలిచాక ఆయన రిపోర్టు తెరిచి మైకులో అన్నాడు, “మిషన్లు ఎవరైనా చేస్తారు. ఈ పిల్లలు మనిషి బాధ విన్నారు. ఒక్క మాట చదువుతాను. జ్ఞానమ్మ అనే ముసలమ్మ చెప్పిన మాట.”

ఆయన చదివాడు. హాల్లో ఐదారు వందల మంది నిశ్శబ్దంగా విన్నారు. చదవడం అయ్యాక ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. చప్పట్లు కొట్టారు. హిమజ పక్కన నిలబడిన నిస్సీ చేతిలో జ్ఞాపిక ఉంది. ఆమె దాన్ని ఎత్తి పట్టుకోలేదు.

కిందకు దిగాక మెట్ల దగ్గర నిస్సీ ఆపింది. “మా నాయనమ్మ అట్టా ఎప్పుడు అన్నదే?”

“ఎవరో ఒకరి పేరు పెట్టాలిగా. మీ ఊళ్ళో ఎవరూ చదవరులే.”

ఆ మాట నోట్లోంచి వచ్చాక గానీ అది ఎలాంటి మాటో హిమజకు తెలియలేదు. తెలిసినా సర్దుకోలేదు. నిస్సీ కాసేపు ఆమెను చూసి హాస్టలు వైపు వెళ్ళిపోయింది. మర్నాడు మామూలుగానే పక్కన కూర్చుంది. దాంతో హిమజ ఆ సంగతి మరిచిపోయింది.

పైపును నిజంగానే బోరింగుకు బిగిస్తే కాలేజీకి పేరొస్తుందని ప్రిన్సిపాల్ అన్నాడు. మళ్ళీ ఒక శనివారం వెళ్ళి ఫణి బోల్టులు బిగించాడు. జ్ఞానమ్మ చేత నాలుగు దెబ్బలు కొట్టించి ఫోటో తీశారు. ఇరవై మంది మహిళల కష్టం విని విద్యార్థులు చేసిన పరికరం అని జిల్లా పేజీలో చిన్న వార్త వచ్చింది. అప్పారావు గారు ఆ ముక్క కత్తిరించి కొట్టులో గల్లాపెట్టె పైన అంటించారు.

పది రోజులు గడిచాయి. ఏప్రిల్ మొదటి వారంలో నిస్సీ మూడు రోజులు క్లాసుకు రాలేదు. మూడో రోజు హిమజ ఫోను చేసింది.

“నాయనమ్మకి దెబ్బ తగిలింది,” అంది నిస్సీ.

“అయ్యో, ఎట్టా?”

“బోరింగు కాడ. మన హ్యాండిలే. బిందె జరుపుకోవటానికి ఒక చెయ్యి తీసింది. రెండో చెయ్యి జారింది. హ్యాండిలు పైకి లేచి ముంజేతికి తగిలి, గెడ్డానికి తగిలింది. చేతి ఎముక విరిగింది. ముందు పళ్ళు రెండు పోయినాయి.”

“నేనొస్తా,” అంది హిమజ.

“రావొద్దు,” అని నిస్సీ పెట్టేసింది.

ఆ సాయంత్రం హిమజ నాన్నతో చెప్పింది. జరిగింది మాత్రమే కాదు, రాసింది కూడా చెప్పింది. అప్పారావు గారు లాంగ్‌క్లాతు మడత పెడుతూ విన్నారు.

“ఆమె చెయ్యి జారింది. దానికి నువ్వేం చేస్తావమ్మా. రిపోర్టులంటావా, కాలేజీల్లో అందరూ రాసేదేగా. పళ్ళూ గిళ్ళూ తీసుకుని ఒకసారి చూసొద్దాం. అంతకంటే తవ్వుకోబాకు.”

ఆయన ఊరట కోసమే అన్నారు. అయినా గల్లాపెట్టె పైనున్న ఆ కాగితం ముక్క వైపు హిమజ చూడలేకపోయింది. నాన్న వస్తానన్నా వద్దని, ఆదివారం పొద్దున్నే ఒక్కతే బస్సెక్కింది. బస్సులో కూర్చున్నంత సేపూ ఆమె ఆలోచించింది ఒక్కటే. చూసి, పలకరించి, పండ్లు ఇచ్చి వచ్చేయొచ్చు. ఇరవై మంది సంగతి ఎవరూ ఎత్తరు. అలా అనుకుంటున్నందుకు తన మీద తనకే రోత పుట్టింది. అయినా అనుకోవడం మానలేదు.

ఆమె వెళ్ళేసరికి ఇంటి ముందు రేకుల పంచలో జ్ఞానమ్మ నులక మంచం మీద కూర్చుని ఉంది. కుడి చేతికి మోచేతి దాకా కట్టు. గడ్డం వాచి నల్లబడింది. ఆమె వెనక నిస్సీ వాళ్ళ నాన్న సామ్యేలు కూర్చుని తల్లికి తల దువ్వుతున్నాడు. మోటు చేతులు. మూడు పాయలు తీసి అల్లబోతే ఒకటి జారిపోతోంది. మళ్ళీ పట్టుకుంటున్నాడు.

“లాగబాకురా, నొస్తంది,” అంటోంది జ్ఞానమ్మ.

“కదలకుండా కూర్చుంటే అయిపోయిద్దిగా,” అంటున్నాడు సామ్యేలు. హిమజను చూసి లేవబోయి, జడ వదలలేక అలాగే ఉండిపోయాడు. “రా అమ్మాయ్. నిస్సీ, కుర్చీ తే.”

నిస్సీ లోపలి నుంచి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి వేసింది. హిమజ మొహంలోకి చూడలేదు.

“ఎట్టా ఉంది మామ్మా?” అంది హిమజ.

పళ్ళు లేనందువల్ల జ్ఞానమ్మ మాట కొంచెం గాలి పోతోంది. “ఏముందమ్మా, ముసలితనం. నా చెయ్యే జారింది. మీరంతా కష్టపడి చేశారు. మీ సార్లు నిన్నేమన్నా అన్నారా ఏంది?”

“లేదు మామ్మా,” అంది హిమజ.

సామ్యేలు జడ చివర రబ్బరు బ్యాండు చుట్టి ముందుకు వచ్చి మెట్టు మీద కూర్చున్నాడు. ఆయన గొంతులో కోపం లేదు. తెలుసుకుందామన్నట్టు అడిగాడు.

“మిమ్మల్ని ఇయ్యాల దాకా అడగలా అమ్మాయ్. ఆ బోరింగు చానా లోతు. హ్యాండిలు వదిలితే పైకి తన్నుద్ది. ఈ వీధిలో చంటిపిల్లోడికి కూడా తెలుసు. మామూలు హ్యాండిలైతే గాల్లోకి లేచి ఊరుకుంటది. మీరు దాన్ని మనిషి మొహం దాకా పొడిగించారు. ఆ పైపు నేను ఆ రోజే ఊడదీశా. పేపర్లో ఇరవై మందిని అడిగారని ఏశారు. నేను వీధంతా అడిగా. మమ్మల్ని ఎవరూ అడగలేదన్నారు. ఏ వీధిలో అడిగారు?”

హిమజ చేతిలో పండ్ల సంచి ఇంకా అలాగే ఉంది. పక్క ఊరిలో అడిగామని చెప్పొచ్చు. ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది కూడా. ఆమె సంచి కింద పెట్టింది.

“ఎవర్నీ అడగలేదు అంకుల్. ఇరవై మందివీ నేనే రాశాను. మా కొట్లో కూర్చుని.”

సామ్యేలు తల్లి వైపు చూశాడు.

“రాశావా?” అంది జ్ఞానమ్మ. ఆమెకు అర్థం కాలేదు. “అంటే మేమేం చెప్పామని రాశావు?”

“మీకు కష్టంగా ఉందని. భుజాలు నొప్పులని. తాగే నీళ్ళకి ఇబ్బందని.”

“ఆ నీళ్ళు తాగం గదమ్మా. ఫ్లోరైడు నీళ్ళు. గిన్నెలకీ గొడ్లకీ కొట్టుకుంటాం. తాగేది క్యాను నీళ్ళు.” జ్ఞానమ్మ ఒక్క క్షణం ఆలోచించింది. “నా పేరు కూడా రాశావా?”

“రాశాను.”

“నేనేమన్నానని?”

“వద్దు నాయనమ్మా,” అంది నిస్సీ గబుక్కున, గుమ్మంలో నుంచి.

జ్ఞానమ్మ మెల్లగా తల తిప్పి మనవరాలి వైపు చూసింది. “నీకు తెలుసా?”

నిస్సీ తల వంచుకుంది.

“చదువమ్మా,” అంది జ్ఞానమ్మ హిమజతో. “నాకు చదువు రాదు. నా మాట నాకు చదివి వినిపించు.”

రిపోర్టు ఫోనులో ఉంది. హిమజ రెండుసార్లు తప్పు పేజీ తెరిచింది. మొదటి వాక్యం మొదలుపెట్టి ఆగిపోయింది. మళ్ళీ మొదలుపెట్టింది.

“జ్ఞానమ్మ, వయసు అరవై ఎనిమిది. నాకు ఎవరూ లేరు బాబూ. ఉన్న ఒక్క కొడుకూ పట్టించుకోడు. తిన్నావా అని అడిగే దిక్కు లేదు. ఈ బిందెడు నీళ్ళు కొట్టుకునేసరికి నా పానం పోతంది. నేను చచ్చిపోతే నా నోట్లో గుక్కెడు నీళ్ళు పోసేవాళ్ళు కూడా లేరు.”

చదవడం అయిపోయింది. హిమజ ఫోను మీద నుంచి తలెత్తలేదు. సామ్యేలు చేతిలో దువ్వెన ఉంది. ఆయన దాన్ని మంచం మీద పెట్టి, లేచి, తుండు భుజాన వేసుకుని వీధిలోకి నడిచాడు. ఆయన తిట్టి ఉంటే బాగుండునని హిమజకు అనిపించింది.

జ్ఞానమ్మ కొడుకు వెళ్ళిన వైపే చాలాసేపు చూసింది. ఆమె ఇప్పుడు మాట్లాడిన గొంతు వేరు.

“వాడు మూడో ఏటనుంచీ తండ్రి లేకుండా పెరిగాడు. నా కోడలు మిరపకాయల పనికి పోతే, వాడే నాకు అన్నం కలిపి పెడతన్నాడు. వాడు నన్ను చూడటంలేదని నా నోటితో నేను అన్నట్టు రాశావా? నేను నీకేం చేశానమ్మా? ఆ రోజు మజ్జిగ ఇస్తానన్నా, అంతేగా?”

హిమజ ఏడవలేదు. ఏడిస్తే తప్పించుకున్నట్టు అవుతుందని ఎక్కడో తెలుసు. “తప్పు చేశాను మామ్మా,” అంది. ఆ మాట ఎంత చిన్నదో ఆమెకే వినిపించింది.

“ఇది ఎవరెవరు విన్నారు?”

“కాలేజీలో అందరూ. స్టేజీ మీద చదివారు.”

“అది అక్కడుందా?” జ్ఞానమ్మ నిస్సీని చూపించింది.

“ఉన్నాను,” అంది నిస్సీ. “నా పక్కనే చదివారు నాయనమ్మా. నేను నోరు తెరవలా. అందరూ చప్పట్లు కొడతన్నారు. ఆమె మా నాయనమ్మే, అట్టా కాదు అని చెప్తే, మా ఇల్లూ మా నాన్న పనీ అన్నీ అడుగుతారని భయమేసింది.”

హిమజ ఆ మాట ఇప్పుడే విన్నది. మెట్ల దగ్గర నిస్సీ అడిగినప్పుడు తను ఏం జవాబు చెప్పిందో గుర్తొచ్చింది. ఈ అమ్మాయి ఆ తరవాత కూడా తన పక్క కుర్చీలో కూర్చుని తనకు నోట్సు ఇచ్చింది.

“అందరూ విన్నారుగా,” అంది జ్ఞానమ్మ. “అందరిముందూ చెప్పండి. నాకు కొడుకున్నాడని చెప్పండి. నా చెయ్యి విరిగిందని కాదు, అది అతుక్కుంటది. కొడుకు సంగతి ముందు చెప్పండి.”

మర్నాడు హిమజ రామలక్ష్మి మేడమ్ గదికి వెళ్ళింది. అన్నీ చెప్పింది. మేడమ్ కుర్చీలో వెనక్కి వాలి చాలాసేపు కిటికీ వైపు చూసింది.

“బహుమతి వెనక్కి ఇచ్చేయ్. మార్కులు నేను తీసేస్తాను. ఇంక దీన్ని పెద్దది చేయొద్దు. కాలేజీ పేరు పేపర్లో వచ్చింది,” అంది.

హిమజ సరేనని తలూపి గుమ్మం దాకా వచ్చింది. అదే తేలిక. వరండాలో నిస్సీ గోడకు ఆనుకుని నిలబడి ఉంది. హిమజ వెనక్కి తిరిగి మళ్ళీ లోపలికి వెళ్ళింది.

“క్లాసులో చెప్పాలి మేడమ్. ఆమె చెప్పమన్నది. మీరు వద్దన్నా చెబుతాను.”

మేడమ్ ఆమె వైపు చూసింది. కాసేపటికి కళ్ళు దించుకుంది. “ఇరవై రెండు రిపోర్టులు ఒక్క పూటలో దిద్దాను,” అంది. “మీ పేజీలు చూడగానే అనుమానం వచ్చింది. ఇరవై మందీ ఒకే మనిషి మాట్లాడినట్టు మాట్లాడుతున్నారు. బాగుందిలే అని వదిలేశాను. వెళ్ళు. రెండో పీరియడ్‌లో చెప్పు.”

రెండో పీరియడ్‌లో అరవై మందికి పైగా ఉన్నారు. హిమజ రాసుకొచ్చిన కాగితం చూడకుండానే చెప్పింది. మొదట జ్ఞానమ్మ గారికి కొడుకున్నాడనీ, ఆయన పేరు సామ్యేలనీ, తల్లికి తల దువ్వి అన్నం పెడుతున్నాడనీ చెప్పింది. తరవాత ఇరవై మందిలో ఒక్కరి మాట కూడా నిజం కాదని చెప్పింది. వెనక బెంచీలో ఎవరో కిసుక్కున నవ్వారు. ముందు వరసలో నలుగురైదుగురు తలలు దించుకున్నారు. వాళ్ళ రిపోర్టులు వాళ్ళకు గుర్తొచ్చి ఉంటాయి. ఆమె ముగించి కూర్చోబోతుంటే నిస్సీ లేచింది.

“ఆమె మా నాయనమ్మ,” అంది. ఆ ఒక్క మాటే అని కూర్చుంది.

ఫణి క్లాసయ్యాక హిమజను వరండాలో నిలదీశాడు. “నన్నొక్క మాట అడగొద్దా? నా మార్కులు కూడా పోయినాయి.” కాసేపు అటూ ఇటూ తిరిగి మళ్ళీ వచ్చాడు. “ఆ పైపు బోల్టులు బిగించింది నేనేలే. ఇన్‌స్ట్రక్టర్ సార్ అడిగినప్పుడు, మనం ఎవర్నీ అడగలేదని నాకూ తెలుసు,” అని వెళ్ళిపోయాడు.

కొట్టుకు వెళ్ళి హిమజ గల్లాపెట్టె పైనున్న కాగితం గోటితో గీకి తీసింది. అప్పారావు గారు బేరం మధ్యలో ఆగి చూశారు. ఆ రోజు నుంచి కొట్టుకు వచ్చే పల్లెటూరి ఆడవాళ్ళు మాట్లాడుతుంటే ఆమె వెనక గదిలో కూర్చోలేకపోయేది.

జ్ఞాపిక, ధ్రువపత్రాలు వెనక్కి ఇచ్చారు. ముగ్గురూ ఆ కోర్సు తప్పారు. వేసవిలో ఎవరికి వాళ్ళు మళ్ళీ చేయాలి. ఫణి తన సొంత ఊరు ఎంచుకున్నాడు. వేరే ఊరు తీసుకోమని మేడమ్ హిమజకు కూడా చెప్పింది. హిమజ అదే ఊరికి వెళ్ళింది. నిస్సీకి ఎటూ అది సొంత ఊరే, సెలవులకు ఇంటి దగ్గరే ఉంది. తోడు వస్తానని అనలేదు గానీ, మొదటి రోజు హిమజ ఆటో దిగేసరికి వీధి మొదట్లో నిలబడి ఉంది.

మే నెల ఎండ. పొద్దున ఏడింటికి మొదలుపెట్టి పదిలోపు ముగించేవాళ్ళు. ఇంటింటికీ వెళ్ళి హిమజ ముందే చెప్పేది, “ఆ హ్యాండిలు పెట్టింది నేనే. అడక్కుండా పెట్టాను. ఇప్పుడు అడగటానికి వచ్చాను.” కొందరు తలుపు దగ్గరే ఆపారు. ఒకామె, “నీకు చెబితే నువ్వు ఇంకేమని రాస్తావో,” అని మొహం మీదే అంది. హిమజ ఆమె పేరు అడగలేదు. పుస్తకంలో మాట్లాడలేదు అని రాసుకుంది.

మాట్లాడిన వాళ్ళు చెప్పినవి ఆమె కొట్టులో కూర్చుని రాసిన వాటిలా లేవు. హ్యాండిలు బరువు గురించి ఎవరూ పెద్దగా అనలేదు. జమీలా అనే ఆమె చేయి పట్టుకుని బోరింగు దగ్గరికి తీసుకెళ్ళి చూపించింది. “కొట్టేది కాదమ్మాయ్, నిలబడేది చూడు. నీళ్ళు పోయే దోవ లేదు. ఏడాదంతా పాకుడు. మొన్న నా కోడలు కడుపుతో ఉండి జారింది. జ్ఞానమ్మత్త చెయ్యి జారింది అంటన్నారే, ముందు జారింది కాలు.” హిమజ వంగి ఆ సిమెంటు దిమ్మె మీద చెయ్యి పెట్టి చూసింది. రెండుసార్లు ఇక్కడే నిలబడి ఫోటోలు తీసింది. అప్పుడు బూట్లు వేసుకుని ఉంది.

ఆరు పొద్దులు తిరిగాక పదకొండు మంది మాటలు వచ్చాయి. చివరి రోజు జ్ఞానమ్మ ఇంటికి వెళ్ళారు. కట్టు విప్పారు. వేళ్ళు ఇంకా పూర్తిగా ముడుచుకోవడం లేదు. ఆమె ఎడమ చేత్తో చేట పట్టుకుని, కందులు చెరగడానికి తంటాలు పడుతోంది. సామ్యేలు ఇంట్లో లేడు. హిమజ వచ్చిన ఏ రోజూ ఆయన ఇంట్లో లేడు.

హిమజ కింద కూర్చుంది. పుస్తకం ఒళ్ళో పెట్టుకుంది. “మామ్మా, మీరు కూడా చెబితే రాసుకుంటాను. ఉన్నది ఉన్నట్టు రాస్తాను. రాసింది మీకు చదివి వినిపిస్తాను.”

జ్ఞానమ్మ చేట దించి ఆమె వైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు, చనువూ లేదు.

“వాళ్ళంతా చెప్పారుగా. చాలు. నా పేరు ఇంక ఏ కాయితం మీదా రాయబాకమ్మా,” అంది.

“సరే మామ్మా,” అంది హిమజ. పుస్తకం మూసి సంచిలో పెట్టుకుంది. ఎండ ముదురుతోందని, పదింటి ఆటో పోతే మళ్ళీ లేదని జ్ఞానమ్మే చెప్పి పంపించింది.

నిస్సీ రోడ్డు దాకా వచ్చింది. ఇద్దరూ తుమ్మచెట్టు నీడలో నిలబడ్డారు. వచ్చే ఏడు నిస్సీ సివిల్లోకి, హిమజ కంప్యూటర్సులోకి. క్లాసులు వేరు.

“మీ నాన్న...” అని మొదలుపెట్టింది హిమజ.

“ఆయన్ని వదిలెయ్,” అంది నిస్సీ. గొంతు కటువుగా లేదు. “నాతో కూడా నెల రోజులు సరిగ్గా మాట్లాడలా. ఇప్పుడిప్పుడే మాట్లాడతన్నాడు.”

ఆటో వచ్చింది. హిమజ ఎక్కి కూర్చుంది. నిస్సీ చెయ్యి ఊపలేదు గానీ, ఆటో కదిలేదాకా అక్కడే నిలబడింది.

సోమవారం రిపోర్టు ఇచ్చినప్పుడు మేడమ్ పేజీలు ఒక్కొక్కటే తిప్పి చదివింది. గంటసేపు చదివింది. మధ్యలో ఒకసారి తలెత్తి, “పదకొండు మందేనా? ఇరవై ఉండాలి,” అంది.

“పదకొండు మందే మాట్లాడారు మేడమ్.”

మేడమ్ మళ్ళీ తల వంచి చదవడం మొదలుపెట్టింది. హిమజ నిలబడే ఉంది. కూర్చోమన్నా కూర్చోలేదు.